చౌడక్క కుడిచుట్టు

మా పెనుకొండ గుట్టల కింద చౌడక్క గురించి అందరికీ తెలిసిన సంగతులు రెండు. ఆమె గొర్రెలు ఎవరి మాటా వినవు. ఆమె కూడా వినదు. ఎవరిని చూసి ఎవరు నేర్చుకున్నారో నేను చెప్పలేను. కాపురానికి వచ్చిన మర్నాడే అత్త ఆమె చేతికి కర్ర ఇచ్చి మంద వెంట తోలిందట. అప్పటినుంచీ గుట్ట చుట్టూ ఒకటే దారి. కూలిన కోటగవిని వాకిట్లోంచి దూరి, బురుజు నీడలో మేపుకుంటూ, కప్పులేని మంటపం దాటి, సీతాఫలం చెట్ల మధ్యగా వచ్చి, చివరికి రాతి దొనలో నీళ్లు తాపి బయటపడుతుంది. గుట్ట ఎప్పుడూ కుడిచేతి వైపే. రాజులు కట్టించిన గోడలు ఆమె లెక్కలో గొర్రెలు ఒళ్లు రుద్దుకోడానికి కట్టినవే.

ఆ దారి మీదికి మేము వచ్చిపడ్డాం. మేమంటే షుగర్లూ బీపీలూ పోగేసుకున్న ఉదయం నడక సంఘం. మా అధ్యక్షుడు చంద్రమోహన్ హిందూపురంలో డ్రిల్లు మాస్టరుగా రిటైరయ్యాడు గానీ మెడలో ఈల మాత్రం తీయలేదు. ఆయనే ముళ్లకంపలు కొట్టించి, దారి పొడుగునా రాళ్ల మీద తెల్ల బాణాలు గీయించాడు. గ్రౌండులో పరుగుపందెం ఎడమచుట్టు కదా, అడవిలోనూ ఎడమచుట్టే అన్నాడు. మాకేం, ఈల వేసినవాడి వెంట నడవడం బడి నాటి అలవాటే.

దాంతో రోజూ గవిని దగ్గర యుద్ధం. అటునుంచి మంద, ఇటునుంచి మేము. ధర్మవరం చీరలు అమ్మే పద్మజగారి కొత్త బూటు లేసును ఒక గొర్రె శుభ్రంగా నమిలేసింది.

"చౌడక్కా, నీ గొర్లు మాకు ఎదురొస్తాండాయి," అన్నాడు మాస్టరు.

"మీరే నా గొర్లకు ఎదురొస్తాండారు సారూ," అంది ఆమె.

మాస్టరుకు కోపం నషాళానికి అంటింది. బాణాల దారిన తోలుకుంటే తోలుకో, లేకుంటే ఇటు రావద్దని తీర్పు చెప్పేశాడు. దారి బాగు చేయించినవాడు కాబట్టి ఊరి పెద్దలూ సరేనన్నారు. ఎండాకాలం. గుట్ట చుట్టూ తప్ప యాడా పచ్చిక లేదు. ఆ దారి పోతే చౌడక్క మందను అమ్ముకోవాల్సిందే.

పాపం, ఒకరోజు బాణాల వెంట తోలి చూసింది. అటునుంచి వెళ్తే దొన ముందే తగులుతుంది. గొర్రెలు కడుపునిండా నీళ్లు తాగి చెట్ల కింద పడుకున్నాయి. ఎంత అదిలించినా లేస్తే ఒట్టు. సాయంత్రం ఖాళీ డొక్కలతో ఇంటిదారి పట్టాయి. వాటి వెనక చౌడక్క కొంగుతో కళ్లు తుడుచుకుంటూ పోతుంటే నాకు మనసు చివుక్కుమంది.

ఆ తర్వాతి శుక్రవారం పొద్దున్నే వింత. దారి మొదట్లో, గుట్ట వైపు, ఎవరూ పట్టించుకోని రాతిగుండు ఒకటి ఉండేది. దానికి ఒళ్లంతా పసుపు, నడుమ కుంకుమ బొట్లు, నెత్తిన వేపమండ. పద్మజగారు చూడగానే బూట్లు విప్పేసింది. బాణాల దారిన పోతే అమ్మవారు ఎడమచేతికి వస్తుంది. అప్రదక్షిణం నావల్ల కాదంటూ కుడిచుట్టు బయల్దేరింది. మేమంతా ఆమె వెనకే. మాస్టరు ఈల వేశాడు, వేస్తూనే ఉన్నాడు. చివరికి తన బాణాల వెంట ఒక్కడే పోయే ధైర్యం లేక, గుండును ఓరగా చూసి, లెంపలేసుకుని మా వెనక చేరాడు. ఆ పొద్దు మందా మేమూ ఒకే దిక్కున నడిచాం.

చౌడక్క ముసిముసి నవ్వులు ఎంతోకాలం నిలవలేదు. గుండు ముందు టెంకాయలు పగలసాగాయి. గంట వచ్చింది, రేకుల పందిరి వచ్చింది. పిల్లలు లేనివాళ్లు, కోర్టు కేసులవాళ్లు వచ్చి మొక్కుకుని పోతున్నారు. ఇంక అమ్మవారి చుట్టూ గొర్రె పెంటికలేమిటని సంఘానికి తోచింది. ఈసారి మంద అసలే రాకూడదన్నారు.

చౌడక్క వచ్చి పందిరి ముందు అందరి ఎదుటా నిలబడింది.

"ఆ పసుపు పూసింది నేనే సారూ. మా ఇంట్లో పసుపే. ఆడ అమ్మవారూ లేదు, ఏమీ లేదు."

మాస్టరు నోరు తెరిచాడు. అంతలో పద్మజగారు చౌడక్క రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

"నీ చేత ఆమే పూయించుకుందమ్మా," అంది.

తొలి పసుపు పెట్టిన చేయి కాబట్టి రోజూ తొలి చుట్టు చౌడక్క మందదే అని సంఘం అప్పటికప్పుడు తేల్చేసింది. ముందు గొర్రెలు, వెనక మేము. పెంటికలు తొక్కుతూనే నడుస్తున్నాం, చెప్పులు చేతబట్టుకుని. మాస్టరుతో సహా.

మొన్న నేను అందరికంటే ముందుగా వెళ్లాను. మందలో ఒకటి రెండు దగ్గుతున్నాయి. చౌడక్క గుండు ముందు కళ్లు మూసుకుని, చేతులు జోడించి, పెదాలు కదుపుతోంది. నాకు నవ్వాగలేదు.

"ఏం చౌడక్కా, అదేందో నీకు తెలీదా?"

ఆమె కళ్లు తెరవలేదు.

"నేను పూసింది పసుపేనప్పా. ఇంతమంది వచ్చి ఏడ్చి మొక్కుకుంటాంటే, అది ఇంకా రాయిగానే ఉంటాదా?"