పైన మాత్రం తీపి

ఆయన అసలు పేరు చెప్పమంటే భార్య కూడా ఒక్క క్షణం తడుముకుంటుంది. రేవులో అందరికీ ఆయన రుచి మామ. వల వేసే ముందు పడవ పక్కకు వంగి, దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మేసి 'తీపే' అంటే వలలు దిగేవి. 'ఉప్పు' అన్నాడంటే ఎంత మొనగాడైనా పడవను ఎగువకు తిప్పుకోవలసిందే. ముప్పై ఏళ్ళలో ఆ నాలుక ఒక్కసారి కూడా తప్పలేదని రేవంతా చెప్పుకునేది. ఆయన అందరికంటే కాస్త గట్టిగా చెప్పుకునేవాడు.

వెనకటికి సముద్రపు నీళ్ళు ఎండాకాలంలో ఓ వారం నదిలోకి ఎగదన్ని, చుట్టపుచూపుగా వచ్చినట్టు వెళ్ళిపోయేవి. ఇప్పుడు ఎగువ నుంచి వచ్చే ప్రవాహం చిక్కిపోయింది. ఆ చుట్టం సామానుతో సహా దిగి తిష్ట వేశాడు. మంచినీటి చేపలు ఎగువకు తరలిపోయాయి. పెరట్లో పంపు నీళ్ళకు సబ్బు నురగ రావడం మానేసింది. భార్య ఆ మాట అంటే, సబ్బే నాసిరకంది అనేవాడు మామ.

ఆ పడవలో రెండో మనిషి ఆయన తమ్ముడు. ఇద్దరుంటేనే ఆ పెద్ద వల పైకి వస్తుంది. ఆ వేసవిలో తమ్ముడికి దూరపు ఊళ్ళో ఐసు ఫ్యాక్టరీలో పని కుదిరింది. సోమవారం చేరాలి. అన్నతో చెప్పడానికి నోరు రాక, చివరికి వదిన చేత చెప్పించాడు. మర్నాడు మామ తమ్ముణ్ణి పిలిచి, శనివారం బతికున్న చేపల కోసం లారీ వస్తుందనీ, ఈలోగా చేపల్ని నీళ్ళలో బతికించి ఉంచే బోను నిండితే ఈ ఏడాదికి వెళ్ళొద్దనీ అడిగాడు. తమ్ముడు వెంటనే సరేనన్నాడు. నిజం చెప్పాలంటే వాడికీ వెళ్ళాలని లేదు.

అదృష్టం కొద్దీ ఎగువన వాన పడి నది కొంచెం తేరుకుంది. అన్నదమ్ములు నాలుగు రోజులు ఎగువకు వెళ్ళి, ఒళ్ళు హూనం చేసుకుని, ఇనుప చట్రానికి వల అల్లిన ఆ బోనును నింపారు. శుక్రవారం మధ్యాహ్నం దాన్ని పడవకు కట్టి మెల్లగా రేవుకు తెచ్చారు. మామ వంగి దోసెడు నీళ్ళు నోట్లో పోసుకున్నాడు. ఆయన మొహం వెలిగిపోయింది. తీపే. ఎండకు పై నీళ్ళు వేడెక్కుతాయని, ఎప్పటిలాగే బోనును అడుగుకు దించమన్నాడు.

తమ్ముడు తాడు వదల్లేదు. "అన్నా, అడుగు నీళ్ళు కూడా ఓసారి చూద్దామా? సీసాకు రాయి కట్టి దించి, అడుగున బిరడా లాగితే సరిపోతుంది."

"నా నాలుక మీద నీక్కూడా నమ్మకం పోయిందట్రా?" అన్నాడు మామ.

తమ్ముడు తాడు వదిలాడు.

తెల్లారాక లాగితే బోను తేలిగ్గా పైకి వచ్చింది. ఒక్క చేపా కొట్టుకోలేదు. అన్నీ వెల్లకిలా, తెల్లటి పొట్టలతో ఉన్నాయి. వల నుంచి కారుతున్న నీళ్ళను మామ వేలితో తీసుకుని నాలుకకు రాసుకున్నాడు. సముద్రమే అది. ఉప్పు నీరు బరువు, మంచినీటి కింద నుంచి పాకుతూ వస్తుంది. విడి చేపయితే పైకి ఈది ప్రాణం దక్కించుకునేది. వీటికి ఆ దారి ఆయనే మూసేశాడు. లారీ మనిషి చచ్చిన చేపల మొహం కూడా చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆదివారం తమ్ముణ్ణి బస్సెక్కించడానికి మామ వెళ్ళాడు. దారంతా ఇద్దరూ సంచి నేను మోస్తానంటే నేను మోస్తానని లాక్కున్నారు. బస్సు కదిలే ముందు తమ్ముడు కిటికీలోంచి చెయ్యి చాపి అన్న భుజం పట్టుకున్నాడు.

"నువ్వు మనసులో పెట్టుకోకన్నా. అడుగు నీళ్ళు చూద్దామని నాకైనా తట్టి ఉండాల్సింది. తట్టలేదు."

వాడికి తట్టిందనీ, వాడు అడిగాడనీ ఇద్దరికీ తెలుసు. కాదురా అనడానికి మామకు కావలసినంత సమయం ఉంది. ఆయన తల ఊపాడు. బస్సు వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చాక, ఏమన్నాడని భార్య అడిగింది. మామ గడపలో చెప్పులు విడిచాడు.

"తప్పు వాడిదేనన్నాడు. నేను ఔనన్నాను."