పసుపు కొమ్ముల వాన

మా నిజామాబాద్ బడిలో డ్రాయింగ్ సారు పట్నం నుంచి ఒక పాత మూగ సినిమా తెచ్చాడు. అప్పటికే టాకీలు వచ్చేశాయి, మూగ బొమ్మలు అడిగేవాడు లేడు. చప్పుళ్ళు మనమే పెడదామన్నాడు ఆ మహానుభావుడు. తెర వెనక కూర్చుని ఆ పని చేసింది నేను. బండి కిర్రు, గుర్రపు డెక్కలు తేలిగ్గానే కుదిరాయి. పేచీ అంతా వాన దగ్గర వచ్చింది.

ఎండిన మోదుగాకుల మీద సన్నటి ఇసుక పోస్తే అచ్చం వాన చప్పుడే. వారం రోజులు తంటాలు పడి దాన్ని పట్టుకున్నాను. వెనక వరసకు వినపడదని సారు ఒక్క ముక్కలో కొట్టిపారేశాడు. మీ ఇంట్లో పసుపు కొమ్ములుంటాయి కదా, చేటలో పోసి ఊపు అన్నాడు. మా అమ్మను మేం అవ్వ అనేవాళ్ళం. చేట నింపి ఇస్తూ అవ్వ ఒక మాట అంది.

"గీ సప్పుడు మనోళ్లకు పుట్టినకాడి నుంచి ఎరుకే బిడ్డా. వాన అనుకోరు."

అదే సారుకు చెప్పాను. "నాకే నేర్పుతవా?" అన్నాడు.

మధ్యాహ్నం హాలు కిటికీలకు గోనెలు కట్టి బొమ్మ వేశారు. ధర్పల్లి, ఇందల్వాయి పసుపు రైతులు కూడా వచ్చారు. ఆడవాళ్ళ చాపల మీద మా అవ్వ కూర్చుంది. కొడుకు చేసిన చప్పుళ్ళు వినాలని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి బొమ్మకు వచ్చింది. తెర మీద ఒక తల్లి చంటిబిడ్డను కొంగు కింద దాచుకుని వానలో పరుగెడుతోంది. నేను చేట ఊపాను.

"ఎవల్దిరా పసుపు? మంచిగ ఎండింది" అన్నాడొక పెద్దమనిషి.

హాలంతా విరగబడి నవ్వింది. ఆ తల్లి ఏడుపు ఎవరికి పట్టింది?

మర్నాడు చేట కోసం అవ్వ బడికి వచ్చింది. ఆట ఎందుకు చెడిందని అడిగిన హెడ్మాస్టరు ఎదుట సారు కంటి రెప్ప కూడా ఆర్పకుండా అన్నాడు: "నేను ఇసుకే పొయ్యమన్న. వీడే పసుపు తెచ్చి ఆట ఖరాబ్ చేసిండు."

నా ఒళ్ళు మండిపోయింది. అవ్వ నా వైపు చూసింది.

"గట్లనా బిడ్డా?"

ఆ ఏడు పెద్ద పరీక్షకు నా పేరు పంపాల్సింది సారూ హెడ్మాస్టరే. "అవును" అన్నాను.

దారిలో అవ్వ ఒక్క మాట తిట్టలేదు. "నాకు ఎరుకే. గట్ల అనకుంటే నీ సదువు పోతుండె" అంది.

తిట్టినా బాగుండేది. ఇన్నేళ్ళయినా ఆ సారును తిట్టుకోకుండా ఉండలేను. తిట్టుకున్నప్పుడల్లా నా "అవును" కూడా వినపడుతుంది. వెనక వరస దాకా వినపడే చప్పుడు ఆ బడిలో నేను చేసింది అదొక్కటే.