రోలర్ కోస్టర్ ఎక్కిన చెవులు

గిటార్ వాయించేవాళ్ళకి ఎండాకాలం పగవాడితో సమానం. ముఖ్యంగా మాలాంటివాళ్ళకి, అంటే పొట్టకూటికి ఇంకేదో పని చేసుకుంటూ ఆదివారాలు మాత్రం గిటార్ పట్టుకునేవాళ్ళకి. మేం వాయించేది బీరంగూడలో ఒక డాబా మీద ఉన్న రేకుల గదిలో. మే నెలలో ఆ గదిలో పొద్దు కాస్త ఎక్కాక మనిషన్నవాడు కూర్చోలేడు. చెమటకి వేళ్ళు జారతాయి, తీగలు తుప్పు పడతాయి, మనుషులకి కోపాలొస్తాయి. అందుకని ఆ నెలంతా పొద్దున్నే ఓ గంట వాయించి, గిటార్లని కింద ఇంట్లో చల్లగా పడుకోబెట్టి, మేం ముగ్గురం ఆటల పార్కులో రోలర్ కోస్టర్ ఎక్కడానికి పోతాం.

ముగ్గురం అంటే, రేకుల గది ఓనరు ఒకరు. వాళ్ళ నాన్నగారు ఫ్యాక్టరీ ఉద్యోగం మీద కోస్తా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఈయన జిరాక్సు దుకాణం నడుపుతాడు. రెండో మనిషి సంగారెడ్డిలో లెక్కలు చెప్పే టీచరమ్మ. మూడోవాణ్ణి నేను. మాది కొండాపూర్ మండలంలో ఒక పల్లె, ఇప్పుడుండేది ఇస్నాపూర్, చేసేది పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీ ప్రెస్ షాపులో. ఇనుప రేకుని అచ్చులో పెట్టి పైనుంచి దబ్బున కొట్టే మిషన్లుంటాయి అక్కడ. ముగ్గురం నలభైలు దాటినవాళ్ళమే. రోలర్ కోస్టర్ దగ్గర లైన్లో మా ముందూ వెనకా అంతా కాలేజీ పిల్లలే ఉంటారు. వాళ్ళు మమ్మల్ని ఎవరో పిల్లల తల్లిదండ్రులనుకుని దారి ఇవ్వబోతే టీచరమ్మకి ఒళ్ళు మండుతుంది.

అంత పెద్దవాళ్ళకి అదేం పిచ్చి అని అడిగేవాళ్ళకి తలా ఒక జవాబు ఉంది. జిరాక్సు ఆయన, బండి మెల్లగా పైకి ఎక్కుతున్నప్పుడు గొలుసు టకటకలాడుతుంది చూడండి, అది పాటకి ముందు వన్, టూ, త్రీ అని వేసే లెక్కలాగా ఉంటుందంటాడు. నాకు అంత కవిత్వం లేదు. నాకు అక్కడ అరవొచ్చు, అంతే. ప్రెస్ షాపులో ఎంత అరిచినా ఎవరికీ వినబడదు. ఇంట్లో అరిస్తే ఆ తర్వాత జరిగేది నేనే పడాలి. రోలర్ కోస్టర్ మీద మాత్రం గొంతు చించుకుని అరిచినా పక్కవాడు కూడా అదే పని మీద ఉంటాడు. దిగాక ఒళ్ళంతా దులిపి ఆరేసినట్టు తేలిగ్గా ఉంటుంది.

ఇక్కడ నా క్లిప్పు గురించి చెప్పాలి. గిటార్ తల మీద తగిలించే చిన్న క్లిప్పు అది. తీగ మీటితే, శ్రుతి సరిగ్గా ఉంటే పచ్చ లైటు వెలుగుతుంది, తప్పితే ఎర్ర లైటు. ఎవరి క్లిప్పు వాళ్ళకుంటుంది. నాది ఎప్పుడూ ప్యాంటు జేబులోనే ఉంటుంది, ఎందుకంటే ఇంట్లో పెడితే నా భార్య దాన్ని బట్టల క్లిప్పనుకుని నా చొక్కాతో సహా దండేనికి పెట్టేసింది ఒకసారి. ఆ రోజు నేను వేసిన కేకకి ఆమె ఇప్పటికీ నవ్వుతుంది.

మాకో కట్టుబాటు కూడా ఉంది. ఒకరి గిటార్‌కి తీగలు బిగించే కీలు ఇంకొకరు ముట్టుకోకూడదు. మొదట్లో జిరాక్సు ఆయన నా మీద ప్రేమ కొద్దీ నా గిటార్ శ్రుతి చేయబోయి, తీగ తెంపితే, అది నా చెంపకి తగిలింది. అప్పుడు మేం ఒకరినొకరం అన్న మాటలు ఇక్కడ రాసేవి కావు. అప్పట్నుంచి ఎవరి గిటార్‌కి వాళ్ళే పూచీ.

పోయిన ఏడాది మే మొదటి ఆదివారం ఎక్కినప్పుడు, బండిలో మనిషి జారకుండా ఒళ్ళోకి దించే ఇనుప కడ్డీని అక్కడి అబ్బాయి కాస్త గట్టిగానే దించాడు. దారి పొడుగునా తొడ మీద ఏదో గుచ్చుకుంటూనే ఉంది. నా బైకు తాళాలే అనుకున్నాను. తలకిందులుగా తిరిగే చోట టీచరమ్మ నా కుడి చెవి పక్కనే పెట్టిన కేక ఇంకా గుర్తుంది. దిగాక చెవి గుయ్యిమంది. ఇంటికొచ్చేదాకా అలాగే ఉంది.

మరుసటి ఆదివారం రేకుల గదిలో క్లిప్పు పెట్టి చూస్తే ప్రతి తీగకీ ఎర్ర లైటే. ఎండల సంగతి తెలిసిందే కదా అని అన్నీ ఓ రవ్వ వదులు చేశాను, పచ్చ లైటు వచ్చింది. ముగ్గురం కలిసి మొదలుపెట్టాం. మొదలుపెట్టగానే నా పళ్ళు పులిశాయి. ఎక్కడో తేడా ఉంది. ముగ్గురం ఒకే తీగ మీటినా, ఒకే ఇంట్లో పడని తోడికోడళ్ళలాగా ఉంది ఆ మోత. నేనే ముందు ఆపేశాను. మళ్ళీ మొదలుపెట్టాం, మళ్ళీ అదే.

"అన్నా, నీ గిటార్ మంచిగనే ఉన్నదా?" అంది టీచరమ్మ.

"సూడరాదు, పచ్చ లైటు లేదా?" అని గిటార్ తల ఆమె ముఖం మీదకి తిప్పాను. పచ్చగానే వెలిగింది.

జిరాక్సు ఆయన కాసేపు నసిగి, "గురువుగారూ, మీరు వినకుండా వాయిస్తున్నారేమోనండీ," అన్నాడు.

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. ప్రెస్ షాపులో నాకు పని నేర్పిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు, ఆయన్ని మామా అని పిలుస్తాను. చెవుల్లో దూది పెట్టుకోవడం కూడా నామోషీ అనుకున్న కాలం ఆయనది. ఇప్పుడు ఎదురుగా కూర్చుని పేరు పెట్టి పిలిచినా నవ్వుతాడు, అంతే. ఏం వినబడనివాళ్ళు అన్నిటికీ నవ్వుతారు. ఆయన్ని చూసినప్పటి నుంచి చెవి ప్లగ్గులు లేకుండా నేను షాపులో అడుగు పెట్టలేదు. అయినా ఇన్నేళ్ళ మోత ఎక్కడికి పోతుంది, చెవి లోపల ఎక్కడో కూర్చునే ఉంటుంది కదా అనిపించింది. ఆ కూర్చున్నదాన్ని రోలర్ కోస్టర్ లేపిందనుకున్నాను.

ఇంటికెళ్ళి ఒక్కణ్ణే వాయిస్తే హాయిగా ఉంది. ఫోన్లో పాట పెట్టి దాంతోపాటు వాయిస్తే మళ్ళీ అదే పులుపు. అంటే నా గిటార్ నాకు బాగానే వినబడుతోంది, బయటి లోకమే వంకరగా వినబడుతోందన్నమాట. ఇంకేం కావాలి? చెవులు పోతున్నాయని తీర్మానించేసుకున్నాను. భయపడ్డవాడి తర్కం అలాగే ఉంటుంది.

పై ఆదివారం మోకాలు నొప్పని చెప్పి వెళ్ళలేదు. ఇంట్లో నన్ను నేను పరీక్షించుకోవడం మొదలుపెట్టాను. చెవి దగ్గర వేళ్ళు రుద్దుకోవడం, పక్క గదిలో గడియారం వినడం, వంటింట్లోంచి నా భార్య ఒక్క మాటన్నా సరే పరుగెత్తుకెళ్ళడం. ఇక్కడే దొరికిపోయాను. పెళ్ళయిన నాటి నుంచి మంచినీళ్ళ క్యాను తెమ్మన్నా, గ్యాసు బండ మార్చమన్నా నాలుగోసారికి గానీ నాకు వినబడదు. అలాంటిది కరివేపాకు అనే మాట పూర్తి కాకముందే నేను గడపలో నిలబడేసరికి ఆమె బిత్తరపోయింది.

"ఏమయ్యా, మంచిగనే ఉన్నవా? గింత జల్దీ ఎట్ల ఇనబడ్డది నీకు?"

చెప్పక తప్పలేదు. చెప్పాక ఇక ఆమె ఆగలేదు.

"నెత్తి కిందికి, కాళ్ళు మీదికి వెట్టి తిప్పితె చెవులు గాకుంట ఏం వోతయి? ఈ ఉమర్ల గా రైలెక్కుడేంది? ఇగ బందు వెట్టు. ఆ గిటార్ గూడ జెర పక్కకు వెట్టు."

"గిటార్ ఏం జేసింది?"

"నువ్వే అన్నవు గద, మంచిగ వస్తలేదని. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చెవుల మీదికి తోస్తున్నవో ఏందో."

ఆమె కూడా భయపడిందని నాకు తెలుసు. భయపడితే ఆమెకి సామెతలొస్తాయి. గిటార్‌ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాను. ఆ మూడు నాలుగు రోజులూ నాకు అన్నం సయించలేదు. ఫ్యాక్టరీలో మిషన్లన్నీ ఆపి రిపేర్లు చేసే షట్‌డౌన్ అయిపోగానే ప్రెస్ షాపు వాళ్ళకి ఏటా జరిగే చెవుల పరీక్ష ఉంది. చెవులు పోయాయని అందులో తేలితే నన్ను వేరే పనికి మారుస్తారు. అది పోనీ అనుకోవచ్చు. గిటార్ పోతే, రోలర్ కోస్టర్ పోతే, ఆదివారం పొద్దున్నే లేచి నేను చేసేదేముంది? మామలాగా నవ్వుతూ కూర్చోవడమేనా?

పరీక్ష రోజు అద్దాల పెట్టెలాంటి చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టారు. చప్పుడు వినబడినప్పుడల్లా బటన్ నొక్కాలి. నా గుండె చప్పుడు తప్ప ముందు ఏమీ వినబడలేదు. దానికే నొక్కేద్దామా అనిపించింది. తర్వాత ఎక్కడో చాలా దూరంలో సన్నగా కీచుమంది. నొక్కాను. ఇంకా సన్నగా, ఇంకా దూరంగా. ఊపిరి కూడా బిగబట్టి నొక్కుతూ పోయాను. బయటికొచ్చేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

పరీక్ష చేసినామె కాగితం చూసి, "రెండు చెవులు మంచిగున్నయి సార్. పోయిన సారి లెక్కనే ఉన్నయి," అంది.

"మల్లొకసారి సూడుండ్రి మేడం."

"మంచిగున్నయంటే గూడ పరేషానయితరేంది సార్?" అని నవ్వి, తర్వాతి మనిషిని పిలిచింది.

క్యాంటీన్‌కి వెళ్ళి రెండు చాయ్‌లు తాగాను. లోపలెక్కడో బిగించిన బోల్టు ఒకటి వదులైనట్టుంది. పక్కన ప్రెస్సులు కొడుతున్న మోత కూడా ఆ రోజు ముద్దుగా వినబడింది. అయితే రెండో చాయ్ సగంలో ఉండగా ఇంకో ఆలోచన వచ్చింది. చెవులు బాగుంటే మరి తప్పెవరిది? అంటే నాకు వాయించడమే రాదా? ఇన్నేళ్ళూ వాళ్ళిద్దరూ మొహమాటానికి ఊరుకున్నారా? పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది.

ఆ ఆదివారం గిటార్ అటక మీంచి దించి బీరంగూడ వెళ్ళాను. మోకాలి నొప్పి అబద్ధమని చెప్పాను, చెవుల సంగతి చెప్పాను, చివరికి, "నాకు రాకపోతే రాదని చెప్పుండ్రి, ఇగ రాను," అన్నాను. గొంతు పెద్దదే అయింది. కన్నీళ్ళు రాకుండా ఉండాలంటే నాకు కోపమొక్కటే దారి.

జిరాక్సు ఆయన కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు. టీచరమ్మ మాత్రం లెక్క తప్పిన పిల్లవాడి నోటుబుక్కు చూసినట్టు నన్ను చూసింది.

"నీ కీలు ముట్టనన్నా. కట్టుబాటు కట్టుబాటే. క్లిప్పు ముట్టొద్దని లేదు గద?"

నా క్లిప్పు తీసుకుని తన గిటార్‌కి పెట్టి మీటింది. ఎర్ర లైటు. ఇంకో తీగ, ఎర్ర లైటు. అప్పుడే తన క్లిప్పుతో సరిచూసుకున్న గిటార్ అది. ఆమె కళ్ళజోడు పైకి జరుపుకుని నా క్లిప్పు మూలలో చీమంత అంకెలున్న చోట చూసింది.

"నాలుగు వందల నలభై ఉండాలె ఈడ. నాలుగు వందల ముప్పై రెండున్నది. ఇది ఎవరు మార్చిన్రు?"

ఆ అంకె శ్రుతికి కొలబద్ద. దాన్ని తగ్గిస్తే గిటార్ మొత్తం కిందికి దిగిపోతుంది. తీగలన్నీ ఒక్కలాగే దిగుతాయి కాబట్టి ఒంటరిగా వాయిస్తే ఏ తేడా తెలీదు. ఇంకొకరి పక్కన కూర్చుంటేనే బయటపడుతుంది. క్లిప్పు పక్కనున్న చిన్న బటన్ నొక్కితే ఆ అంకె మారుతుంది. నేనెప్పుడూ నొక్కలేదు. ఆ అంకె నాకు కనబడితేగా నొక్కడానికి. చత్వారం వచ్చి రెండేళ్ళయినా కళ్ళజోడు పెట్టుకోవడం నాకు నామోషీ.

అప్పుడు తొడ గుర్తొచ్చింది. జేబు మీద చెయ్యి వేసుకున్నాను. ఆ రోజు గుచ్చుకున్నవి తాళాలు కావు. ఇనుప కడ్డీ దారి పొడుగునా ఆ బటన్‌ని నొక్కుతూనే ఉంది.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట. ముందు ఎవరు నవ్వారో గుర్తులేదు. జిరాక్సు ఆయన నేల మీద కూర్చుని పొట్ట పట్టుకున్నాడు. నాకు ఆ క్లిప్పుని రోడ్డు మీదకి విసిరేద్దామన్నంత కోపమూ, దాన్ని ముద్దు పెట్టుకుందామన్నంత సంతోషమూ ఒకేసారి వచ్చాయి. ఈసారి మద్దెల నిజంగానే ఓడు.

నవ్వు తగ్గాక టీచరమ్మ అంది: "ఒక్క మాటన్నా. ఆ దినం ముందుగాల వాయించుడు ఆపింది నువ్వే. చెవులు పోయినోనికి తేడా ఎట్ల ఇనబడ్తది?"

నిజమే. అందరికంటే ముందు విన్నది నేనే. నా చెవులు మొదటి రోజు నుంచీ ఉన్నదున్నట్టు చెబుతున్నాయి. నేనే లైటుని నమ్మి వాటిని అనుమానించాను. అంకె సరిచేసి, తీగలు బిగించి, ముగ్గురం కలిసి ఒక్కసారి మీటాం. ఆ మోతకి నా గుండె నిండిపోయింది. ఇంకేం వాయించామో చెప్పలేను గానీ చాలాసేపు వాయించాం, ఎండ సంగతే ఎవరికీ పట్టలేదు.

నెలాఖరు ఆదివారం నా భార్య కూడా మాతో వచ్చింది. ఎక్కడానికి కాదు, నా మీద కాపలాకి. లైన్లోకి వెళ్ళేముందు చెయ్యి చాపింది. తాళాలూ, ఫోనూ, క్లిప్పూ ఆమె చేతిలో పెట్టాను. క్లిప్పుని కొంగుకి పెట్టుకుని కంచె దగ్గర నిలబడింది.

కడ్డీ దిగింది. ఈసారి తొడ మీద ఏమీ గుచ్చుకోలేదు. గొలుసు టకటకలాడుతూ బండి మెల్లగా కదిలింది, చుట్టూ పిల్లలు అప్పుడే అరుపులు మొదలుపెట్టారు, పక్కన టీచరమ్మ గొంతు సవరించుకుంటోంది. అంత గోలలోనూ కంచె వైపు నుంచి ఒక గొంతు స్పష్టంగా వచ్చింది.

"ఏమయ్యో, జెర పైలం!"

ఎప్పుడూ నాలుగోసారికి పలికేవాణ్ణి. ఈసారి మొదటిసారికే, గొంతు చించుకుని, "ఇన్నా, ఇన్నా!" అని అరిచాను.