మెయిన్ బంద్ చేసిన పెద్దమ్మ

ఇస్నాపూర్‌లో మా బోరు నీళ్లు కంపు కొడుతున్నాయని కిరాయిదారులందరి పేర్లతో రాసిన అర్జీ గదిలోని కంప్యూటర్‌లోనే ఉండిపోయింది. నేనేమో అది ఇవ్వాల్సిన సంగారెడ్డి కలెక్టరాఫీసు ముందున్నాను. ఐదింటికి మూసేస్తారు. నిద్రలో (స్లీప్ మోడ్‌లో) ఉన్న కంప్యూటర్‌ను ఫోన్ నుంచి లేపబోతే ఎన్నిసార్లు నొక్కినా లేవలేదు. ఇంటి ఓనరు యాదమ్మకు ఫోన్ చేశాను.

“అందరు డ్యూటీకి పోయిండ్రని మెయిన్ బంద్ చేసిన బిడ్డా.”

“పెద్దమ్మా, కంప్యూటర్ నిద్రల ఉన్నది, కరెంటు ఉండాలె!”

“నిద్రవోయేదానికి కరెంటెందుకు? గంత జల్దీ ఏమున్నది అండ్ల?”

“బోరు నీళ్ల మీద అర్జీ.”

“నా పేరు రాసినవా?”

రాయలేదు. ఓనర్లంటే దోపిడీ వర్గమని వదిలేశాను. ఆ నీళ్లే ఆమె కూడా తాగుతోంది. ఆమె మెయిన్ వేశాక, కరెంటు రాగానే ఆన్ అయ్యేలా పెట్టుకున్న కంప్యూటర్ లేచింది. అర్జీని ఫోన్‌లోకి తెచ్చుకుని, ఆమె పేరు మొదట చేర్చి, పక్క జిరాక్స్ షాపులో ప్రింట్ తీసి ఐదు లోపే ఇచ్చాను. మెయిన్ బంద్ చేసిందని వచ్చిన కోపం మాత్రం తగ్గలేదు, ఈసారి నా మీదే. మీరైతే ఆమె పేరు రాసేవారా?