లైటు ఆర్పలేదన్న నింద

మా అత్తకు కిడ్నీలు పాడయ్యాక, వారానికి రెండుసార్లు నందికొట్కూరు నుంచి కర్నూలుకు డయాలసిస్‌కు తీసుకుపోవడం నా పని అయింది. మా ఆయనకు బజారులో చీరల కొట్టు. పొద్దున షట్టరు ఎత్తితే రాత్రికి గానీ దించడు. ఇంట్లో పడివున్న పాత కారు నడపడం నేను ఆమె కోసమే నేర్చుకున్నాను.

ఆ ఎండాకాలం కారు పొద్దున పూట స్టార్టు కావడం మానేసింది. ముందురోజు కర్నూలు దాకా పోయి ఎక్కడా మొరాయించకుండా తిరిగొచ్చిన బండి, తెల్లారేసరికి తాళం తిప్పితే టిక్కుమని ఊరుకునేది. వీధిలోవాళ్లు తోస్తే కదిలేది. మెకానిక్ చూసి బ్యాటరీ పోయిందన్నాడు. కొత్తది వేయించాం. అదీ అలాగే పడిపోయింది. ఈసారి అతను నా వైపు చూడకుండా మా ఆయనతో మాట్లాడాడు.

“బ్యాటరీ బాగుండాదప్పా. ఇంట్లో ఎవురో లైటు ఆర్పకుండా దిగుతాండారు. రవ్వంత చెప్పుకో.”

“చెప్తాలే,” అని నవ్వాడు మా ఆయన. నేను ఆ పక్కనే నిలబడి ఉన్నాను. నన్ను ఒక్క మాట అడిగినవాడు లేడు.

అప్పటినుంచి దిగేటప్పుడు లైట్లు, తలుపులు, లోపలి దీపం అన్నీ చూసుకుని, మళ్లీ వెనక్కి వచ్చి చూసుకునేదాన్ని. అయినా ఒక డయాలసిస్ రోజున బండి కదల్లేదు. ఎంత తోసినా లాభం లేకపోయింది. ఆటో మాట్లాడుకుని చేరేసరికి ఆమె మిషన్ మీద వేరే మనిషి ఉన్నాడు. రేపు రమ్మన్నారు. మర్నాడు మళ్లీ ఆటోలో తీసుకుపోయేలోగా ఆమె కాళ్లు కుండల్లా ఉబ్బాయి. పడుకుంటే ఊపిరాడక, గోడకు దిండు ఆనించుకుని కూర్చుంది.

చూడటానికి వచ్చిన మా మరిది ఆమె ముందే అన్నాడు: “దిగేటప్పుడు ఒకసారి చూసుకుంటే ఏమయితాది వదినా? అమ్మ ఎంత అవస్థ పడతాండాదో చూడు.”

నా ఒళ్లు మండిపోయింది. ఆమె ఎదుట గొడవ పెట్టుకోకుండా బయటికి వచ్చేశాను. ఆ సాయంత్రమే ఎలక్ట్రికల్ షాపులో కరెంటు కొలిచే మీటరు కొన్నాను. ఫోన్‌లో వీడియోలు పెట్టుకుని, ఒక్కొక్కటీ ఆపి ఆపి చూశాను.

మొదట బ్యాటరీని చార్జి చేయించి తెచ్చి, బండి స్టార్టు చేసి దానికి మీటరు పెట్టాను. పద్నాలుగు వోల్టులు చూపించింది. అంటే ఇంజిను నడిచేటప్పుడు చార్జింగు బాగానే ఎక్కుతోంది. నిలబెట్టినప్పుడే ఏదో కరెంటు తాగుతోంది. బండి ఆపి, తలుపులు మూసి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, తీగకూ బ్యాటరీకీ మధ్యలో మీటరు కలిపాను. అన్నీ ఆపేసిన బండిలో కరెంటు పారుతూనే ఉంది. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకాను. అన్నీ పీకేసినా అంకె తగ్గలేదు. అప్పుడు చూశాను, బ్యాటరీ నుంచి నేరుగా ఒక ఎర్ర తీగ లోపలికి పోతోంది. దాన్ని పట్టుకుని కాళ్లకింది చాప ఎత్తుకుంటూ పోతే వెనక సీటు కింద నల్లటి పెట్టె దొరికింది. చెయ్యి పెడితే వెచ్చగా ఉంది.

ఆదివారాలు మా కారు తీసుకుపోయి స్నేహితులతో తిరిగే మా మరిది వేయించుకున్న పాటల పెట్టె అది. చవకలో అయిపోతుందని తీగను నేరుగా బ్యాటరీకి కలిపించాడు, దాంతో పాటలు ఆపినా, బండి ఆపినా అది కరెంటు తాగుతూనే ఉంది. ఆ తీగ విప్పగానే మీటరులో అంకె పడిపోయింది.

ఆ పెట్టెను తీగలతో సహా పీకి కొట్టుకు తీసుకుపోయి, మా ఆయన ముందు పరిచి ఉన్న చీరల మీద పెట్టాను. మరిది కూడా అక్కడే ఉన్నాడు.

“ఇదీ నేను ఆర్పని లైటు,” అన్నాను.

“పాటలు పెట్టించుకుంటే తప్పా వదినా? నాకేం తెలుసు ఇట్ల అయితాదని?”

“తెలీకుండా నన్ను యాల అన్నావు?”

మా ఆయన ఆ పెట్టెను కిందికి దించి, చీర మీద దుమ్ము దులిపాడు. “బేరం నడుస్తాండాది. ఇంట్లో మాట్లాడుకుందాం పో,” అన్నాడు. ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

బండి ఆ తర్వాత ఒక్కరోజు కూడా ఆగలేదు. కొన్నాళ్లకు కోడుమూరు నుంచి చుట్టాలు అత్తను చూడటానికి వచ్చారు. కారు సంగతి వస్తే మా ఆయన తీరిగ్గా చెప్పాడు: “వైరింగ్‌లో ఏదో ఉండె. పట్టుకొని సరిచేసుకున్నాం.”

“ఎవరు పట్టుకున్నారో గూడా చెప్పు,” అన్నాను వంటింటి గుమ్మంలోంచి.

అప్పుడు మంచం మీది నుంచి మా అత్త అంది: “యా కొడుకు పెట్టిచ్చినాడో అది గూడా చెప్పురా.”

చుట్టాలు టీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. మా ఆయన లేచి కొట్టుకు పోయాడు. నా కోపం మాత్రం అక్కడే ఉంది. ఇప్పటికీ ఆ మెకానిక్ షెడ్డు ముందు నుంచి పోతే హారను గట్టిగా కొట్టి పోతాను.