కిటికీ వైపు చూసిన లుక్రే

దుబ్రోవ్నిక్ పాత ఊళ్లో, ఆ మెట్ల మీద రోజూ పదింటికి గైడుగా నేను చెప్పే మాటలంటే నాకే వెగటు. "ఇదిగో, సీరియల్లో డ్రాగన్ దిగింది ఇక్కడే!" అంటూ ఈ వేసవిదాకా అట్ట మీది ఫొటో ఎత్తి పట్టుకునేదాన్ని. సీరియల్లోలాగే నల్ల అంగీలు తగిలించుకుని, చెక్క కత్తులు పట్టుకొచ్చిన యాత్రికులు నోళ్లు తెరిచేవాళ్లు. ఫొటోలో జనమంతా భయంగా ఆకాశంలోకి చూస్తుండేవాళ్లు. అంచున ఉన్న మా వీధి లుక్రే మాత్రం పక్కకి చూస్తుండేది.

షూటింగు రోజు ఆ గుంపులో నేనూ ఉన్నాను. డ్రాగనూ లేదు, పాడూ లేదు. మేం చూసింది కర్రకి కట్టిన పచ్చ బంతిని! కిటికీలు మూసుకోమని షూటింగువాళ్లు ఇంటింటికీ చెప్పిపోయారు. లుక్రే మొగుడు బాల్డో వింటేగా! రెండో అంతస్తు కిటికీ ఓరగా తీసి, గోనెగుడ్డ వేషంలో ఉన్న పెళ్లాన్ని చూసి పకపకా నవ్వాడు. ఆవిడ కళ్లతోనే కసిరింది. ఆ చూపు సీరియల్లో లేదు. ఫొటోలు తీసేవాడి కెమెరాలో పడింది. అతను ఒక్క కాపీ నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

రెండు శీతాకాలాలకే లుక్రే పోయింది. అప్పటినుంచి పది కొట్టేసరికి బాల్డో ఆ కిటికీలో కాఫీ కప్పుతో నిలబడేవాడు. నేను ఫొటో ఎత్తితే తను కప్పు ఎత్తేవాడు. ఆయనకి రెండు కళ్లలోనూ శుక్లాలే.

"బాల్డో బాబాయ్, అంత దూరం నుంచి నీకేం కనపడుతుంది, నా తలకాయ్! నకలు తీయించిస్తా, ఇంట్లో పెట్టుకో."

"ఇంట్లో ఉంటే అది వట్టి ఫొటోనే యెలీ. అక్కడుంటే నన్ను తిడుతున్నట్టుంటుంది. నాకు కనపడక్కర్లేదు. దానికి నేను కనపడితే చాలు."

ఈ వేసవిలో టూర్ల కంపెనీవాళ్లు మా గైడ్లకి ట్యాబ్‌లు ఇచ్చారు. అందులో డ్రాగన్ బ్రహ్మాండంగా ఉంది, లుక్రే లేదు. వారం రోజులు రెండూ మోశాను. ముసలాయనకి ఏం తెలుస్తుందిలే అని అట్టని చెత్తబుట్టలో పడేశాను. నేనే, ఈ చేతులతోనే. ఆయన డ్రాగన్‌కి కప్పెత్తుతుంటే సిగ్గులేకుండా నవ్వాను కూడా.

సెప్టెంబరులో చేపల బజారులో ఎదురుపడ్డాడు. కంటికి కట్టు.

"ఆపరేషన్ అయిందే! రేపు కట్టు విప్పుతారు. ఇన్నాళ్లూ ఉత్తుత్తినే కప్పెత్తాను. ఎల్లుండి దాని మొహం చూస్తా."

 ఊరంతటినీ కడిగేసే నేను, అట్ట పారేశానని చెప్పకుండా చేపల బేరంలోకి తల తిప్పేశాను. ఇంకో కాపీ అడుగుదామంటే ఫొటో తీసినవాడి పేరైనా నాకు తెలీదు.

ఆ ఎల్లుండి రానే వచ్చింది. బాల్డో గడ్డం గీసుకుని, తెల్ల చొక్కా వేసుకుని నిలబడ్డాడు. ట్యాబ్ ఎత్తాను. కప్పు సగం లేచి ఆగింది. తెర మీద ఈ మూల నుంచి ఆ మూలకి వెతికాడు. మళ్లీ వెతికాడు.

"యెలీ, అది ఏదే?"

సీరియల్లో మాటేమో అనుకుని ఒకావిడ చప్పట్లు కొట్టింది. నేను తల దించుకున్నాను. బాల్డో కిటికీ పచ్చ చెక్క తలుపులు దగ్గరికి లాగి లోపల కొక్కెం పెట్టుకున్నాడు.

ఇవాళ్టికి పదకొండు రోజులు. రొట్టె పట్టుకెళ్లి తలుపు కొడితే, "ఇక్కడెవరూ లేరు" అంటాడు లోపల్నుంచి. పదింటికి నేను ఆ మూసిన కిటికీకి డ్రాగన్‌ని చూపిస్తూనే ఉన్నాను.