కుళాయి ఎదురుగా గది

మా ఆవిడకు నేను చెప్పిన ఆఖరి అబద్ధం ఒక హోటల్ గురించి.

పక్షవాతం వచ్చి ఆవిడ ఆసుపత్రిలో చేరాక అది నాలుగో రోజు. మాట కాస్త ముద్దగా వస్తోంది గానీ తెలివి బాగానే ఉంది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని కమలాపండు వలుస్తున్నాను.

"రోములో రూము బుక్ సేసేరా?" అంది.

"సేసీసేను," అన్నాను.

"ఏదీ?"

"నువ్వు సెప్పిందే."

ఆవిడ మొహంలో అంత నిశ్చింత చూసి చాలా ఏళ్ళయింది. "మరింకేటి," అని కళ్ళు మూసుకుంది. తొమ్మిదో రోజున పోయింది.

బుక్ చెయ్యలేదు సరికదా, ఆవిడ చెప్పింది ఏదో కూడా నాకు తెలియదు. రెండు నెలలపాటు చెప్పింది. నేను వినలేదు.

అసలు ఆ ప్రయాణం మా మరదలి కోసం. మా ఆవిడ చెల్లెలు మాల్టా అనే చిన్న దీవిలో నర్సు. పదో తరగతి నుంచి మా ఇంట్లోనే ఉండి చదువుకుంది. మాకు పిల్లల్లేరు కాబట్టి కూతురి కిందే లెక్క. అక్కడ ఇల్లు కొనుక్కుని గృహప్రవేశానికి రమ్మంది. విశాఖపట్నంలో బయల్దేరితే రోములో మధ్యాహ్నం దిగుతాం, మళ్ళీ మర్నాడు పొద్దున్న గానీ మాల్టా విమానం లేదు. వీసా కాగితాల్లో ఏజెంటు ఏదో ఒక హోటల్ పెట్టేశాడు, అసలైనది మీరే చూసుకోండి అన్నాడు. ఆ ఒక్క పూటకు ఎక్కడ దిగాలన్నది మా ఇంట్లో రెండు నెలలు సాగిన చర్చ. చర్చ అనకూడదేమో. ఆవిడ చెప్పేది, నేను ఊఁ కొట్టేవాణ్ణి.

నా అభిప్రాయం మొదటి రోజే చెప్పేశాను. స్టేషన్ ఎదురుగా ఏదుంటే అది. మా విజయనగరం, శ్రీకాకుళం వైపు మనుషులు ఏ కొత్త ఊళ్ళో దిగినా ముందు స్టేషన్ ఎదురుగా లాడ్జి వెతుక్కుంటారు. నేను మరీను. వయొలిన్ పక్కవాద్యం వాణ్ణి. పార్వతీపురం, పలాస, రాయగడ, బరంపురం, ఎక్కడ కచేరీ అయినా సభ వాళ్ళు నన్ను పడేసేది స్టేషన్ ఎదుటి లాడ్జిలోనే. గోడకు మేకు, మేకుకు అద్దం, కిటికీ తీస్తే ప్లాట్‌ఫారం. పెట్టె పట్టుకుని నాలుగు అంగల్లో రైలెక్కేయొచ్చు. ఇంతకంటే మంచి హోటల్ భూమ్మీద ఉండదని నా నమ్మకం.

"రోము ఎల్లి కూడా స్టేషనేనా?" అనేది మా ఆవిడ. ఆవిడ నెల్లిమర్ల దగ్గర సర్కారు బడిలో సోషల్ టీచరు. "ముప్పయ్యేళ్ళు పిల్లల సేత ఇటలీ బూటు బొమ్మ వేయించేను. ఒక్క పూటైనా నాకు నచ్చిన కాడ దిగనివ్వరా?"

"ఒక్క పూటకి ఎందుకే ఇంత గొడవ?" అనేవాణ్ణి.

"ఒక్క పూటే గదా, అందుకే."

బడి నుంచి వచ్చి, టీ తాగి, ఫోను ముందేసుకుని కూర్చునేది. పాత పాఠ్య ప్రణాళిక పుస్తకం వెనక పేజీల్లో రాసుకునేది. ఇది చూడండి, అది చూడండి అని పిలిచేది. నేను తీగలు సవరించుకుంటూ ఉండేవాణ్ణి. పక్కవాద్యం వాడికి ఒక పాడు అలవాటు ఉంటుంది. పాటలో స్వరం మీద, తాళం మీదే చెవి పెడతాడు, మాటలు గాలికి వదిలేస్తాడు. ఇంట్లోనూ అలాగే బతికేశాను. నన్నెవరూ తిట్టలేదు గానీ, తిట్టాల్సింది.

ఆవిడ పోయాక నాకేమీ అనిపించలేదు. ఇది గొప్పకు చెప్పడం లేదు, ఉన్నది రాస్తున్నాను. శ్రీకూర్మంలో అస్థికలు కలిపిన రోజున, పంతులుగారి చేతి గడియారం పది నిమిషాలు ముందు నడుస్తోందని గమనించాను. గుడి దగ్గర తాబేళ్ళు గోంగూర ఆకు నమలడం చాలాసేపు చూశాను. పన్నెండో రోజున గారెలు నాలుగు తిన్నాను. ఉప్పు తగ్గిందని కూడా అన్నాను. చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు.

మా అప్ప, అంటే నాకంటే ఆరేళ్ళు పెద్దదైన అక్క, నెల్లాళ్ళు మా ఇంట్లోనే ఉండిపోయింది. రోజుకోసారి నా ఎదురుగా కూర్చునేది. "ఒరే, ఒక్కపాలి ఏడిసీరా. లోపల పెట్టుకుంటే మనిసివి పాడైపోతావు," అనేది.

"ఏడుపు రావట్లేదప్పా," అనేవాణ్ణి. నిజంగానే రాలేదు. పాఠానికి వచ్చిన అమ్మాయి వర్ణంలో అపస్వరం పలికితే, ఎప్పుడూ సర్రున వచ్చే కోపం కూడా రాలేదు. వయొలిన్ కమాను పట్టుకుంటే చెయ్యి కదిలేది, స్వరాలు పలికేవి. వాటితో నాకేం పని లేనట్టుండేది.

"మా ఆవిడ పోయిందండీ." ఈ వాక్యం ఆ రోజుల్లో ఎన్నిసార్లు అన్నానో. బడిలో, పింఛను ఆఫీసులో, గ్యాసు కనెక్షను పేరు మార్చే చోట, పాలవాడితో, ఆవిడ చీరకు ఫాల్ కుట్టి తెచ్చిన దర్జీతో. ఎక్కడా గొంతు వణకలేదు. ఊరి పేరు చెప్పినట్టు చెప్పేవాణ్ణి. వాళ్ళే తల దించుకునేవారు.

మరదలు ఫోన్ చేసింది. "బావా, అక్క లేదని నువ్వు మానీకు. టిక్కెట్టు ఉన్నాది, వీసా ఉన్నాది. గృహప్రవేశం ఆపేసేను గానీ, నువ్వొచ్చి నాలుగు రోజులు నా దగ్గరుండు." ఆ పిల్లకి అక్క చివరి చూపు కూడా దక్కలేదు. ఏడాది తిరక్కుండా సముద్రం దాటడమేటని అప్ప కాసేపు గునిసి, "ఎల్లు, ఇక్కడుండి మాత్రం ఏటి సేస్తన్నావు," అంది. నేను సరేనన్నాను. కాదనాలంటే ఇంకా చాలా మాటలు కావాలి, అవి నా దగ్గర లేవు.

అప్పుడు గుర్తొచ్చింది అబద్ధం. అంతవరకు మొద్దుబారి ఉన్న బుర్రలో అదొక్కటే ముల్లులా కదిలింది. నువ్వు చెప్పిందే బుక్ చేశానన్నాను, ఆవిడ నమ్మింది, నమ్మి కళ్ళు మూసుకుంది. ఇప్పుడు వేరే ఏదో హోటల్లో దిగితే ఆ నమ్మకం ఏమైనట్టు? ఆవిడకు తెలియదు కదా అని ఒక మనసు అంటోంది. నాకు తెలుసు కదా.

ఆవిడ వెనక పేజీల్లో రాసుకున్న పుస్తకం తీశాను. మూడు హోటళ్ళు మిగిలాయి, మిగతావన్నీ కొట్టేసి ఉన్నాయి. మొదటిది స్టేషన్ నుంచి రెండు నిమిషాల నడక. రెండోది పెద్ద గుమ్మటం చర్చి పక్కన, పొద్దున్న టిఫిను ఇస్తారు. మూడోది నదికి ఇవతల ఏదో సందులో, రెండో అంతస్తు, లిఫ్టు లేదు, స్టేషన్‌కి బస్సులో పావుగంట. దేనికీ టిక్కు లేదు. మొదటిది నన్ను సంతోషపెట్టడానికి రాసి ఉంటుంది. రెండోది అందరూ మెచ్చేది. మూడోది ఎందుకు రాసిందో ఎంత చూసినా అర్థం కాలేదు. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ రెండంతస్తులు ఎందుకు ఎక్కాలనుకుంటుంది?

మరదల్ని అడిగాను. "మూడూ బాగున్నాయన్నాది బావా. ఏది తీసుకుంటాదో సెప్పలేదు. బావకి సెప్పేనులే అన్నాది," అంది. నాకు చెప్పిందట. నేను ఊఁ కొట్టానట.

స్టేషన్ ఎదుటిదే తీసేసుకుందామని కూడా అనుకున్నాను. రెండుసార్లు ఫోను తెరిచి, పెట్టేశాను.

ఇక్కడ మా కుళాయి సంగతి చెప్పాలి. విజయనగరం కోట వెనక మా వీధికి మున్సిపాలిటీ నీళ్ళు రోజు విడిచి రోజు, పొద్దున్న ఆరింటికి వస్తాయి. ముప్పావుగంట ఉంటే గొప్ప. పెళ్ళయిన మర్నాటి నుంచి ఆ పని మా ఆవిడది. బిందెలు, బకెట్లు, గాబు, చివరికి చెంబులు కూడా వరసగా పేర్చి, కుళాయి బుస్సుమనగానే మొదలెట్టేది. ఎక్కడికి ప్రయాణం అనుకున్నా ముందు అడిగేది కుళాయి రోజా కాదా అనే. మా మేనల్లుడి పెళ్ళికి కూడా నీళ్ళు పట్టాకే బయల్దేరింది. అప్ప వాళ్ళ ఊరు వెళ్ళిపోయాక ఆ పని నాకు దిగబడింది.

ఒకరోజు కుళాయి కింద బకెట్టు పెట్టి, అరుగు మీద కూర్చుని ఉండిపోయాను. ఏమీ ఆలోచించడం లేదు. బకెట్టు నిండి, పొర్లి, నీళ్ళు గుమ్మం దాటి వీధిలో పడ్డాయి. పక్కింటావిడ పరుగెత్తుకొచ్చి కట్టేసింది.

"మేష్టారండీ! వీధంతా నీల్లేనండి. మేడమ్ గారుంటే ఇలగ వదిలీనిస్తారేటండి?" అని కసిరి, నా మొహం చూసి తగ్గింది. గుమ్మంలోనే నిలబడి చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ అంది: "మీరెల్లే ఆ ఊళ్ళో వీధి కుళాయిలు ఎప్పుడూ వస్తానే ఉంటాయటండి. పగలూ రాత్రీ. కట్టడానికి తిప్పుడే ఉండదట. నాకు ఫోన్లో సూపించేరు మేడమ్ గారు. రూములోంచి సూస్తే కనిపిస్తాదని, కిటికీ కాడ కుర్చీ ఏసుకుని కూకుని, ఎవులూ కట్టీకుండా అది పోతంటే సూస్తానని ఒకటే నవ్వేరండి."

పక్కింటావిడ వెళ్ళిపోయాక మా ఆవిడ ఫోను వెతికి ఛార్జింగ్ పెట్టాను. ఆ మూడో హోటల్ కిటికీలోంచి ఎవరో తీసిన ఫొటో దాచుకుని ఉంది. రాళ్ళు పరిచిన సందు, ఎదురుగోడ దగ్గర నడుం ఎత్తు ఇనుప స్తంభం, దానికి వంపు తిరిగిన గొట్టం, గొట్టంలోంచి సన్నని నీటిధార. ఊరికి నడిబొడ్డా, బస్సు దగ్గరా, చర్చి దగ్గరా అని లోకమంతా చూసుకుంటే మా ఆవిడ కుళాయి దగ్గరా అని చూసుకుంది. ఆ నిమిషంలో నాకు ఏడుపు రావలసింది. రాలేదు. గది బుక్ చేశాను. ఎంతమంది అన్న చోట ఇద్దరు అని ముందే ఉంది. దాన్ని మార్చలేదు. మరిచిపోయాననే అనుకున్నాను.

రోములో దిగిన మధ్యాహ్నం ఎండ మా మాఘమాసపు ఎండలాగే ఉంది. విమానాశ్రయం నుంచి రైల్లో పెద్ద స్టేషన్‌కి వచ్చాను. బయటికి రాగానే ఎదురుగా వరసగా హోటళ్ళు. అక్కడికి కాళ్ళు వాటంతటవే నడిచాయి. ఒక గుమ్మం దాకా వెళ్ళిపోయి, వెనక్కి తిరిగి బస్సెక్కాను.

సందు దొరకడానికి ముగ్గుర్ని అడిగాను. మలుపు తిరగ్గానే హోటల్ కంటే ముందు చప్పుడు వినిపించింది. రాయి మీద నీళ్ళు పడే చప్పుడు. ఫొటోలో ఉన్నదే. పెట్టె కింద పెట్టి నిలబడ్డాను. చుట్టూ ఎవరూ లేరు. బిందె లేదు, బకెట్టు లేదు, వరస లేదు. నీళ్ళు పోతున్నాయి.

తిప్పుడు ఉండదని పక్కింటావిడ చెప్పింది. అయినా నాలుగు పక్కలా తడిమాను. మా ఊరి మనిషికి కారే కుళాయి ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడడం చేతకాదు. ఏమీ దొరక్కపోయేసరికి అరచెయ్యి గొట్టానికి అడ్డం పెట్టి గట్టిగా నొక్కాను. గొట్టం పైన చిన్న బెజ్జం ఉందట, నాకేం తెలుసు! అందులోంచి నీళ్ళు చివ్వున ఎగిసి మొహాన కొట్టాయి. కళ్ళజోడు, చొక్కా, బనీను, అన్నీ తడిసిపోయాయి. కుక్కను తిప్పుతున్న ఒక ముసలావిడ ఆగి పకపకా నవ్వింది. చల్లగా ఉన్నాయి నీళ్ళు. చాలా రోజుల తర్వాత ఒంటికి ఒకటి తగిలినట్టు తెలిసింది.

రెండంతస్తులు ఎక్కాను. చిన్న బల్ల వెనక నా వయసే ఉన్న ఒకావిడ కూర్చుని ఉంది. నా వాలకం చూసి, ఏమీ అడక్కుండా లోపలికి వెళ్ళి తువ్వాలు తెచ్చి ఇచ్చింది. పాస్‌పోర్టు తీసుకుంది. కంప్యూటరులో చూసింది. నా వెనక మెట్ల వైపు చూసింది. మళ్ళీ నన్ను చూసి, ఇద్దరని ఉంది, రెండో మనిషి ఎక్కడని ఇంగ్లీషులో అడిగింది.

మా ఆవిడ పోయిందండీ అన్న ఆ వాక్యం నా దగ్గర సిద్ధంగా ఉంది. దారిలో విమానాశ్రయాల్లో ఇంగ్లీషులోనూ చెప్పాను. నోరు తెరిచాను. రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాను. ఆవిడ కలం పట్టుకుని ఓపిగ్గా చూస్తోంది. తెరిచి ఉన్న కిటికీలోంచి కింద కుళాయి చప్పుడు వినిపిస్తోంది. నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. నా కళ్ళలోంచి నీళ్ళు కారి గడ్డం మీంచి ఆవిడ కాగితాల మీద పడుతున్నాయి.

అవీ కుళాయి నీళ్ళే అనుకున్నట్టుంది. లేచి వెళ్ళి ఇంకో తువ్వాలు తెచ్చి ఇచ్చింది.